నడిచేవాడి కోసం చెక్కిన రాయి

గుళ్లో ప్రదక్షిణం చేసేటప్పుడు కళ్లు ఎక్కడ నిలపాలో మనకెవరూ చెప్పరు. అమరావతి శిల్పి చెప్పాడు, అదీ రాతిలో.

ఊళ్లో దీపాలదిన్నె అని పిలుచుకున్న మహాచైత్యం ఓ బౌద్ధ స్తూపం, దాని అడ్డుకొలత దాదాపు 49 మీటర్లు. ఒకప్పుడు దాని చుట్టూ నిలువెత్తు రాతి కంచె, రెండింటి మధ్య సుమారు 4 మీటర్ల వెడల్పున ప్రదక్షిణాపథం ఉండేవి. అడుగు మీదే ధ్యాస ఉంచి అటూ ఇటూ నడిచే చంక్రమణం భిక్షువులకు రోజువారీ సాధన. ఇక్కడి దారి మాత్రం గుండ్రం. ఎంత దూరం నుంచి నడిచొచ్చిన యాత్రికుడైనా ఇంకా నడవాల్సిందే.

కంచె పైదూలం బయటివైపున లావుపాటి పూలదండ ఒకటుంది. మనుషులు దాన్ని మోస్తుంటారు. అది లేస్తుంది, వంగుతుంది, తెగదు. కథంటూ ఏమీ లేదు, ఒట్టి లయ. బయట తిరిగేవాడి అడుగు కుదురుకోవడానికి అది చాలు.

కథలన్నీ లోపలివైపున. కంచె మీద నాళగిరి అనే ఏనుగు కథ చెక్కిన ఫలకమే చూడండి. గుండ్రటి రాతిలో ఎడమన మదపుటేనుగు ఒకణ్ణి తొండంతో పట్టింది, జనం చెదిరిపోతున్నారు, మేడ మీది నుంచి ఆడవాళ్లు తొంగి చూస్తున్నారు. కుడివైపుకొచ్చేసరికి అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. రెండింటి మధ్యా అడ్డుగీత లేదు. ప్రదక్షిణంలో చైత్యం కుడిచేతి వైపు, కంచె ఎడమచేతి వైపు ఉంటాయి కదా. కంచెకేసి చూస్తూ నడిస్తే చూపు ఎడమ నుంచి కుడికే జరుగుతుంది. అంటే ఏనుగు కోపాన్ని దించేది మన అడుగే! అన్ని ఫలకాలూ ఈ వరుసలో సాగవు, నిజమే. అయినా ఈ ఒక్కదాన్ని యాదృచ్ఛికం అనడానికి నాకు మనసొప్పదు.

పలనాటి సున్నపురాయి ఉలికి లొంగుతుంది కాబట్టే ఒకరి వెనక ఒకరుగా ఇంతమందిని ఇంత పలచటి లోతులో ఇరికించగలిగారు. ఖర్చు రాజులది మాత్రమే కాదు. పూర్ణఘటం చెక్కిన ఓ ఫలకం మీద దాత పేరు విధికుడు, వృత్తి తోలుపని.

1797లో బ్రిటిష్ అధికారి కాలిన్ మెకంజీ వచ్చేనాటికే దిన్నెను తవ్వి రాళ్లు పట్టుకుపోతున్నారు. మిగిలినవాటిలో ఎక్కువ భాగం చెన్నై, లండన్ మ్యూజియాలకు చేరింది. అక్కడ రాయి గోడకు, మనిషి దాని ఎదుట. దారి లేదు. చెన్నైలో నాళగిరి కనబడితే మాత్రం ఎదురుగా నిలబడకండి, ఎడమ పక్క నుంచి మెల్లగా జరుగుతూ చూడండి.