గీజరుకు పట్టిన సున్నం

చలి ముదిరిందంటే మా బాన్సువాడలో ఎలక్ట్రీషియన్ దొరకడు. ఎండాకాలమంతా కూలర్లు, మోటార్లు చూసుకున్న మనిషికి మార్గశిరం రాగానే గీజర్ల పిలుపులు మొదలవుతాయి. ‘నీళ్లు కాగుతలేవు’ అని అందరిదీ ఒకటే ఫిర్యాదు. వచ్చినతను కూడా చాలాసార్లు ఒకటే మందు చెబుతాడు: ఎలిమెంట్ మార్చాలె. మారుస్తాడు, పైసలు తీసుకుంటాడు, వచ్చే చలికి మళ్లీ వస్తాడు. ఇందులో అతని తప్పేమీ లేదు, కాలిపోయింది ఎలిమెంటే. అది ఎందుకు కాలిందని మనమే అడగం.

ఎందుకని అడిగే అలవాటు నాకు రాగి బాయిలర్ దగ్గర అబ్బింది. నడుమెత్తు రాగి పీపా, దాని మధ్యలోంచి నిలువునా పొగగొట్టం. అడుగున జల్లెడ మీద నిప్పు, దాని కింద బూడిద పళ్లెం. పక్కనున్న గరాటులో చల్లనీళ్లు పోస్తే అవి సన్నటి గొట్టంలోంచి అడుక్కి పోతాయి. పైనున్న వేడినీళ్లు మూతిలోంచి బకెట్‌లోకి దూకుతాయి. వేడినీళ్లు తేలిక, చల్లనీళ్లు బరువు. దాని యంత్రమంతా ఇంతే. చెంబెడు పోయనిదే చెంబెడు ఇవ్వదు కాబట్టి పీపా ఎప్పుడూ నిండే ఉంటుంది. ఖాళీ పీపా కింద మంట పెడితే అతుకులు ఊడతాయి. ఆ ప్రమాదం రాకుండా ఎవరో పాతకాలపు పనివాడు దాని కట్టుబడిలోనే కాపలా పెట్టాడు. అడుగున నల్లా బిగించిన రకంలో ఈ కాపలా లేదు. అది సోమరితనం కోసం చేసిన మార్పు అని నా అనుమానం.

దాని జబ్బులు కళ్లకూ ముక్కుకూ తెలిసేవి. పొగ వెనక్కి తంతే గొట్టంలో మసి పట్టినట్టు. ఊచకు కొబ్బరి పీచు కట్టి తోస్తే పోయేది. మసి లేకున్నా కట్టెలు ఎక్కువ తింటోందంటే లోపల సున్నం పేరుకున్నట్టు. అప్పుడు మా నాయనమ్మ చింతపండు నానేసి, ఆ పులుసు లోపల పోసి, సన్న సెగ మీద మరిగించేది. బుసబుసా నురుగు వచ్చేది. చింతపండు ఆమ్లానికి సున్నం కరిగి బొగ్గుపులుసు వాయువు పైకి పోవడమే ఆ నురుగు. ఆమెకు ఆ పేర్లేవీ తెలియవు. నురుగు ఆగిందంటే పని అయిపోయిందని మాత్రం తెలుసు.

ఈ సున్నం ఎక్కడిదంటే మన బోరు నీళ్లది. భూమి లోపల రాళ్లను ఒరుసుకుంటూ వచ్చిన నీళ్లలో కాల్షియం బైకార్బొనేట్ కరిగి ఉంటుంది. వేడి తగలగానే అది విరిగి, నీళ్లలో కరగని కార్బొనేట్‌గా మారి, ఎక్కడ వేడి ఎక్కువుందో అక్కడే అతుక్కుంటుంది. చక్కెర వేడినీళ్లలో ఎక్కువ కరుగుతుంది కదా, ఇది అందుకు ఉల్టా.

పొర ఒకటే అయినా ఒక్కో పాత్రలో ఒక్కో నష్టం చేస్తుంది. కట్టెల బాయిలర్‌లో వేడి నీళ్లలోకి పోలేక పొగగొట్టంలోంచి ఆకాశానికి పోతుంది, నష్టం కట్టెలకు. గీజర్‌లో ఎలిమెంట్ నీళ్ల మధ్యే మునిగి ఉంటుంది కాబట్టి ఆ వేడికి వేరే దారి లేదు, ఆలస్యంగానైనా నీళ్లలోకే రావాలి. అందుకే సున్నం పట్టిన గీజర్ కరెంటు బిల్లు పెద్దగా పెంచదు, తనను తాను కాల్చుకుంటుంది. పొర కింద చిక్కిన ఎలిమెంట్ వేడెక్కి వేడెక్కి, పైతొడుగు పగిలి, ఒక రోజు ఎంసీబీని పడగొడుతుంది. దానికి ముందే చాలా రోజులు చిటపటలాడుతుంది, మనం వినిపించుకోం.

కాబట్టి రెండు ఫిర్యాదులను కలపకూడదు. చప్పుడు వస్తే సున్నం. చప్పుడు లేకుండా నీళ్లు ఆలస్యంగా కాగితే ముందు వోల్టేజీ చూడాలి. 15 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి 2 కిలోవాట్ల గీజర్‌కు దాదాపు 18 నిమిషాలు చాలు. 230 వోల్టులు రావలసిన చోట 180 వస్తే అదే పనికి అరగంట పడుతుంది, ఎందుకంటే వోల్టేజీ ఐదో వంతు తగ్గితే వేడి మూడో వంతుకు పైగా తగ్గుతుంది. ఆ అరగంటను చూసి మంచి ఎలిమెంట్‌ను తీసేసిన ఇళ్లు నాకు తెలుసు. వోల్టేజీ బాగుండి, నీళ్లు గోరువెచ్చగానే ఆగిపోతుంటే అది థర్మోస్టాట్ పని.

విప్పితే మాత్రం ఎంసీబీ దించి, నీళ్లన్నీ తీసేసి విప్పాలి. ఎలిమెంట్‌ను చాకుతో గీకకండి. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెడితే అదే వదులుతుంది. బాత్రూం కడిగే యాసిడ్ పోసేవాళ్లున్నారు. అది సున్నంతోపాటు లోహాన్నీ తింటుంది. విప్పినప్పుడే మెగ్నీషియం కడ్డీ చూడండి. ట్యాంకుకు రావలసిన తుప్పును తన మీద వేసుకుని అరిగిపోవడమే దాని ఉద్యోగం. చూపుడువేలంత లావు కడ్డీ తీగలా మిగిలిందంటే మార్చాలి. చాలామంది దాని పేరు కూడా వినరు, ట్యాంకు కారాకే వింటారు.

ఇంగ్లండ్‌లో ఉండే మా మేనల్లుడికి బాయిలర్ అంటే స్నానానికే కాదు, ఇల్లంతటికీ. అది కాచిన నీళ్లు ప్రతి గదిలో గోడకున్న ఇనుప రేడియేటర్లలో తిరిగి వస్తాయి. మొన్న వీడియో కాల్‌లో అడిగాడు: “మామా, రేడియేటర్ కింద కాలుతుంది, పైన సల్లగున్నది. వేడి పైకి గదా పోవాలె?” పైన గాలి చేరితే అట్లాగే ఉంటుంది. బాయిలర్ ఆపి, పక్కనున్న మరను చిన్న తాళంచెవితో కొంచెం తిప్పితే గాలి బుస్సుమని పోతుంది. నీటిచుక్క కనబడగానే బిగించి, బాయిలర్ గడియారంలో పీడనం తగ్గితే మళ్లీ ఒకటి, ఒకటిన్నర బార్‌కు తేవాలి. అదే కింద చల్లగా, పైన వేడిగా ఉంటే అడుగున నల్లటి తుప్పు బురద దిగినట్టు. అక్కడ సున్నం గోల తక్కువ, ఎందుకంటే రేడియేటర్లలో ఏళ్ల తరబడి అవే నీళ్లు తిరుగుతాయి. ఉన్న సున్నం ఒకసారి దిగితే దిగింది, కొత్తది రాదు. స్నానానికి కాచే నీళ్ల దగ్గర మాత్రం లండన్ వాళ్లకూ మన తిప్పలే, అక్కడి నేల కింద సుద్దరాయి ఉంది.

కట్టెల బాయిలర్, గీజర్ తర్వాత సున్నం పట్టే మూడో పాత్ర మా చుట్టూ ఉన్న ఉప్పుడు బియ్యం మిల్లుల్లోది. మంజీర మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931కి పూర్తయింది; కాలువ నీళ్లు వరిని తెచ్చాయి, వరి మిల్లులను తెచ్చింది. అవి ఊకతో బాయిలర్లు కాల్చి ఆవిరి తీస్తాయి. అక్కడ సున్నం పేరుకుంటే గొట్టం ఎర్రగా కాగి ఉబ్బి పగులుతుంది, మనుషులు పోతారు. అందుకే భారత బాయిలర్ల చట్టం వచ్చింది, అదీ 1923లోనే. 2025లో దాని స్థానంలో కొత్తది తెచ్చారు. తనిఖీ చేయించుకుని, సర్టిఫికెట్ ఉంటేనే నిప్పు పెట్టాలి. 25 లీటర్ల లోపు పాత్రలు, 100 డిగ్రీల లోపే నీళ్లు కాచేవి దాని కిందికి రావు. అంటే మన బాత్రూంలోకి ఇన్‌స్పెక్టర్ రాడు.

ఆయన రాడు కాబట్టే నాకు భయం. గీజర్ కాగుతున్నప్పుడు వాల్వు నుంచి చుక్కలు పడతాయి. 15 లీటర్లు 60 డిగ్రీలకు చేరేసరికి నీళ్లు ఉబ్బి గ్లాసెడు ఎక్కువవుతాయి. వెనక్కి పోయే దారిని వాల్వే మూస్తుంది కాబట్టి ఆ గ్లాసెడు బయటికి రావాలి. టైల్స్ పాడవుతున్నాయని దాని మూతికి ఎం-సీల్ పెట్టించిన ఇంటిని నేను చూశాను. థర్మోస్టాట్, అది పనిచేయకుంటే కరెంటు ఆపాల్సిన కటౌట్ రెండూ మొండికేసిన రోజున ఆ గోడ మీద ఉండేది గీజర్ కాదు, బాంబు. చుక్కలు ఇబ్బందైతే సన్న పైపు వేసి మోరీలోకి వదలండి.

ఇక మా ఇంట్లో చేసింది చెబుతాను. గీజర్ మార్చలేదు, నీళ్లు మార్చాం. బోరు నీళ్లు మొక్కలకు, మరుగుదొడ్డికి. గీజర్‌కు మిషన్ భగీరథ నల్లా నీళ్లు. జలాశయం నీళ్లు కాబట్టి సున్నం బాగా తక్కువ. నల్లా వచ్చేది కాసేపే గనక మేడ మీద వేరే చిన్న డ్రమ్ము పెట్టించాం. ‘ఒక్క గీజర్‌కు వేరే ట్యాంకా సార్?’ అని ప్లంబర్ నవ్వాడు. ఈసారి విప్పి చూస్తే ఎలిమెంట్ మీద పలచటి తెలుపు తప్ప ఏమీ లేదు. చేయించుకునేవాళ్లు డ్రమ్మును మేడ గచ్చు మీద కాకుండా దిమ్మె కట్టి ఎత్తున పెట్టించండి, లేకుంటే షవర్‌కు ధార రాదు. పాత సున్నం ముందే తీయించండి. కొత్త నీళ్లు తక్కువ పేరుస్తాయి గానీ పాత పొరను కరిగించవు.