‘యో’ అంటే నేను: ఎవరి నేను?

కొత్త చోటికి వెళ్ళిన మనిషికి మొదట ఎదురయ్యే ప్రశ్న ‘నువ్వెవరు?’ అన్నది. రెండు భాషలు తెలిసిన మనిషికి దానికి తోడు మరో ప్రశ్న వస్తుంది: ఏ భాషలో చెప్పాలి? డొమినికన్ రిపబ్లిక్ మూలాలున్న రచయిత్రి హూలియా ఆల్వరెజ్ రచనల్లో చాలాభాగం ఈ రెండు ప్రశ్నల చుట్టూ నడుస్తుంది. ఆమె 1950లో న్యూయార్క్‌లో పుట్టి, పసిబిడ్డగానే స్వదేశం చేరారు. తండ్రి నియంత ట్రుహీయోకు వ్యతిరేకంగా జరిగిన కుట్రలో పాల్గొన్నందువల్ల 1960లో, పదేళ్ళ వయసులో, కుటుంబంతో కలిసి మళ్ళీ న్యూయార్క్ పారిపోవలసి వచ్చింది. 1991లో వచ్చిన ఆమె తొలి నవల ‘హౌ ది గార్సియా గర్ల్స్ లాస్ట్ దైర్ యాక్సెంట్స్’. అలాగే వలసపోయిన నలుగురు అక్కచెల్లెళ్ళు తమ యాసను పోగొట్టుకున్న కథ ఇది.

రెండు సంస్కృతుల మధ్య నలిగిన వ్యక్తి వేదనగా ఈ నవలను చదవటం పరిపాటి. మొదటిసారి నేనూ అలాగే చదివాను. రెండోసారి చదివాక అది సగం మాటేనని తోచింది.

నవలలో ముఖ్యపాత్ర యోలాండా. ఇంట్లో ముద్దుపేరు యో. స్పానిష్‌లో ‘యో’ అంటే ‘నేను’. స్పానిష్‌లో ఆ మాటను ప్రతిసారీ పలకనక్కరలేదు. మనం ‘వచ్చాను’ అంటే అందులోనే ‘నేను’ ఉన్నట్టు, అక్కడా క్రియలోనే ‘నేను’ ఇమిడి ఉంటుంది. ఇంగ్లీషులో అలా కుదరదు. ప్రతి వాక్యంలోనూ ‘నేను’ అని విడిగా నిలబడి చెప్పుకోవాలి. ఇంగ్లీషు తప్ప మరో భాష రాని భర్త నోట్లో ఈ యో ‘జో’ అయిపోతుంది. స్పానిష్‌లో ‘నేను’ అనే అర్థమున్న మాట ఇంగ్లీషులో ఏదో ఒక పేరుగా మిగిలింది.

అయితే భాష మారినంత మాత్రాన మనిషి ‘నేను’ అనలేకపోతుందా? దీనికి జవాబు నవలలోని ఒక ఘట్టంలో ఉంది. బడిలో ఉపాధ్యాయుల దినోత్సవానికి యో ప్రసంగం రాసుకుంటుంది. విట్మన్‌ని చదివిన ఉత్సాహంతో, మొదటిసారి ఇంగ్లీషులో తన గొంతు తనకు వినిపించేలా రాస్తుంది. తండ్రికి అందులో పెద్దల పట్ల అవిధేయత కనిపిస్తుంది. కాగితాలు చింపేస్తాడు. కూతురు ఆయన్ని ‘చపీతా’ అని తిడుతుంది. అది ట్రుహీయోకు జనం పెట్టిన ఎగతాళి పేరు. నియంత నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన మనిషిని సొంత బిడ్డ నియంత పేరుతో పిలిచింది! చివరికి తల్లీకూతుళ్ళు కూర్చుని మామూలు పొగడ్తలతో మరో ప్రసంగం అల్లుతారు. తరవాత తండ్రి కూతురికి ఒక టైపురైటరు కొని తెస్తాడు.

ఇక్కడ యో గొంతు నొక్కింది ఇంగ్లీషు కాదు. ఇల్లు మారినా తండ్రి వెన్నులోంచి పోని భయం. 1930 నుంచి 1961 దాకా ఆ దేశాన్ని పీడించిన ట్రుహీయో ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1916-24 మధ్య ఆ దేశాన్ని ఆక్రమించిన అమెరికా సైన్యం తయారుచేసిన దళంలో చేరి పైకెదిగినవాడు. ఆ అమెరికాలోనే గార్సియాలు తలదాచుకున్నారు. ఒక కుటుంబం కథలో చరిత్రను ఇంత సహజంగా ఇమిడ్చినందుకు రచయిత్రిని అభినందించాలి.

కాని గార్సియాలు సామాన్యులు కారు. స్వదేశంలో పెద్ద లోగిలి, చుట్టూ పనివాళ్ళు ఉన్న సంపన్నులు. ఆ పనివాళ్ళలో చూచా అనే ముసలామె ఉంది. హైతీ మనిషి. 1937 అక్టోబరులో ట్రుహీయో సైన్యం సరిహద్దులో వేలమంది హైతీయులను ఊచకోత కోసిన రాత్రి గార్సియాల తాతగారి గుమ్మంలో ఆశ్రయం కోరింది. తోటి పనివాళ్ళకు కూడా ఆమె నల్ల రంగూ, హైతీ పుట్టుకా చిన్నచూపే. ఆ ఊచకోతలో కొత్తిమీరలాంటి ఒక ఆకు పేరు స్పానిష్‌లో పలకమని, యాస తేడా వస్తే చంపారని చెబుతారు. గార్సియా పిల్లలు యాస పోగొట్టుకుని కాలేజీలు చేరారు. చూచా వాళ్ళు యాస పోక ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒకే ద్వీపంలో యాసకు ఇన్ని ధరలు! 2013లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు హైతీ సంతతి వారిని పెద్దసంఖ్యలో పౌరసత్వానికి దూరం చేసిందంటే ఆ గాయం ఇంకా మానలేదన్నమాటే.

చూచాకు ‘నేను’ అనే అవకాశం నవలలో దొరుకుతుంది. యజమానులు వెళ్ళిపోయాక ఖాళీ ఇంట్లో తిరుగుతూ తన గొంతుతో మాట్లాడుతుంది. కాని కొద్ది పేజీలే. ఆ కొద్ది పేజీల్లోనూ ఆమె తలపోసేది ఎక్కువగా ఆ పిల్లల భవిష్యత్తునే. తన వాళ్ళకు ఏమైందో, ఆ రాత్రి ఏ దారిన వచ్చిందో చెప్పుకునే చోటు ఆమెకు దొరకలేదు. ఈ నవల పరిమితి నాకు ఇక్కడ కనిపిస్తుంది.

ఆ పరిమితిని రచయిత్రి కూడా గుర్తించారనుకుంటాను. 1997లో రాసిన ‘యో!’ నవలలో యోలాండా తన కథ తాను చెప్పదు. ఇంటి పనిమనిషి కూతురితో సహా చుట్టూ ఉన్నవాళ్ళు ఆమె గురించి చెబుతారు. ‘నేను’ అని పేరు పెట్టిన పుస్తకంలో ‘నేను’ మౌనంగా ఉండి ఇతరులను మాట్లాడనివ్వటం చిన్న విషయం కాదు.

రెండు భాషలు తెలియటం ఆస్తే. ఆ ఆస్తి ఉన్నవాళ్ళు కొత్త ఊళ్ళో తమను తాము పరిచయం చేసుకునేటప్పుడు, వెనక ఇంట్లో మిగిలిపోయిన వాళ్ళ పేర్లు కూడా చెబుతున్నారా లేదా అన్నదే నేను వలస సాహిత్యాన్ని అడగదలచుకున్న ప్రశ్న. ఆల్వరెజ్ చెప్పటం మొదలుపెట్టారు. చూచా కథ చూచాయే చెప్పే నవల ఇంకా రావాలి.