అర్జీ నడిచే దారి

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతదాకా కర్నూలు జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రంగా ఉన్న నంద్యాల ఆ రోజు నుంచి జిల్లా కేంద్రం. జీవో వచ్చింది, కలెక్టరు వచ్చారు, బోర్డు మారింది. ఒక సంస్థ రూపం మారినప్పుడు దానితో పని పడినవాళ్ళ నడక కూడా మారాలి. ఆ నడకను ముందే ఆలోచించి అమర్చిపెట్టడమే ఇక్కడ డిజైన్ చేసే పని.

డిజైన్ అనగానే లోగోలూ రంగులూ భవనాల నమూనాలూ గుర్తొస్తాయి. ఎవరు ఏ గది ముందు నిలబడాలి, ఏ కాగితం వెంట తేవాలి, ఆ కాగితం ఎవరి బల్ల మీంచి ఎవరి బల్ల మీదికి పోవాలి అన్నదీ డిజైనే. అమెరికన్ అర్థశాస్త్రవేత్త హెర్బర్ట్ సైమన్ 1969లో వెలువడిన తన పుస్తకంలో ఉన్న స్థితిని కోరుకున్న స్థితిగా మార్చే ఉపాయం ఆలోచించే ప్రతివారినీ డిజైనర్ల కోవలోనే చేర్చాడు. ఆ లెక్కన అర్జీలు తీసుకునే ఇన్వార్డు గుమాస్తా కూడా డిజైనరే.

ఆళ్ళగడ్డ మనిషి కలెక్టరుకు అర్జీ ఇచ్చుకోవాలంటే ఇదివరకు తెల్లారకముందే బస్సెక్కి, నంద్యాల దాటి, నూరు కిలోమీటర్లకు పైగా పోయి కర్నూలులో దిగేవాడు. ఇప్పుడు సుమారు 40 కిలోమీటర్లకే, నంద్యాలలోనే దిగిపోతాడు. సోమవారం, అర్జీలు తీసుకునే రోజున, కాగితం పట్టుకుని వచ్చే ముసలివాళ్ళకు ఇది చిన్న మేలు కాదు.

అయితే జిల్లాలోని పొరలన్నీ ఒకేసారి కదలలేదు. జిల్లా పరిషత్తును విడదీయలేదు; 2021లో ఎన్నికైన పాలకవర్గం ఉమ్మడి జిల్లాకే కొనసాగింది. 2025 మెగా డీఎస్సీలో ఉపాధ్యాయ పోస్టులనూ ఉమ్మడి జిల్లాల వారీగానే లెక్కగట్టారు. పాణ్యం నియోజకవర్గంలో పాణ్యం, గడివేముల మండలాలు నంద్యాల జిల్లాలోకి వచ్చాయి. కల్లూరు, ఓర్వకల్లు కర్నూలులో ఉండిపోయాయి. ఒకే ఎమ్మెల్యే, ఇద్దరు కలెక్టర్లు. వీటిలో ప్రతిదానికీ చట్టపరమైన కారణం ఉంది. కానీ కౌంటరు ముందు నిలబడినవాడికి ఆ కారణంతో పనిలేదు. ఏ పనికి నంద్యాల, ఏ పనికి కర్నూలు అన్నది పెద్ద అక్షరాలతో, ఒకే బోర్డు మీద, బస్టాండులోనూ మండల కార్యాలయాల్లోనూ ఉంటే ఒక రోజు కూలి మిగులుతుంది. మార్పు కాలంలో అతి చవకైన పరికరం ఆ బోర్డే. ప్రణాళికల్లో అన్నిటికన్నా చివర గుర్తొచ్చేదీ అదే.

మంచి డిజైన్‌కు ఒక చక్కని ఉదాహరణ బండి నెంబరు ప్లేటు. కర్నూలు బండ్లకు ఏపీ 21 అని ఉండేది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే వరుస తెచ్చారు. మూడేళ్ళకు జిల్లాలు రెట్టింపైతే, రిజిస్ట్రేషన్లకు కొత్త కోడ్ల అవసరమే రాలేదు. తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయినప్పుడు కొత్త జిల్లాలకు కొత్త కోడ్లు ఇవ్వాల్సి వచ్చింది. పిన్‌కోడ్‌దీ ఇదే సంగతి. తపాలా శాఖ దాన్ని రెవెన్యూ జిల్లాకు ముడివేయలేదు గనుక నంద్యాల 518501, ఆళ్ళగడ్డ 518543 అలాగే నిలిచాయి. మారే అవకాశమున్న దానికి గుర్తింపు సంఖ్యను కట్టేయకూడదని ఈ రెండూ చెబుతున్నాయి. ఏ సంస్థలోనైనా ఉద్యోగి సంఖ్య, ఫైలు సంఖ్య పెట్టేటప్పుడు ఇది ముందుగా చూసుకోవాలి.

కౌంటరుకు ఇవతల ఉన్నవాళ్ళలాగే అవతల కూర్చున్నవాళ్ళూ డిజైన్‌ను వాడేవాళ్ళే. విభజన రోజున ఉద్యోగులను తాత్కాలిక కేటాయింపు ఉత్తర్వులతో కొత్త కార్యాలయాలకు పంపారు. కొత్త కార్యాలయానికి డీడీఓ కోడ్ (జీతాల బిల్లు పెట్టే అధికారి గుర్తింపు సంఖ్య) లేకపోతే జీతం బిల్లు ట్రెజరీలో కదలదు. పాత ఫైలు ఏ బీరువాలో ఉందో సూచిక లేకపోతే, గుమాస్తా ఎంత మంచివాడైనా అర్జీదారును వెనక్కి పంపక తప్పదు. ఉద్యోగి విసుగును స్వభావ దోషంగా చూడటం తేలిక. చాలాసార్లు ఆ విసుగు అసంపూర్తిగా వదిలేసిన అమరికలోంచి పుడుతుంది.

ఈ నేలకు మార్పు కొత్త కాదు. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయినప్పుడు కార్యాలయాలు గుడారాల్లో నడిచాయి. 1970లో మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు ప్రకాశం జిల్లాలోకి పోయాయి. 1984లో ఊరి భూముల లెక్కలు చూసే కరణాలను తీసేశారు. మరుసటి ఏడాది తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. కరణం పోవడంతో ఊరి భూముల ఎరుక ఒక్క మనిషి తల నుంచి రికార్డులోకి రావలసిన అవసరం పడింది. ఊరి భూముల రికార్డైన అడంగల్‌లో తప్పులు దిద్దించుకోవడానికి రైతులు ఇప్పటికీ తిరుగుతున్నారంటే, ఆ బదిలీకి తగినంత రూపకల్పన జరగలేదనే అనుకోవాలి.

కాబట్టి హద్దులు గీసే ముందే చేయవలసిన పరీక్ష ఒకటుంది. నిజమైన అర్జీ ఒకటి తీసుకోవాలి, ఆళ్ళగడ్డలో పాసు పుస్తకంలో పేరు తప్పు పడిన రైతుది అనుకుందాం. దానితో పాటు గ్రామ సచివాలయం, తహశీల్దారు కార్యాలయం, నంద్యాల కలెక్టరేటు దాకా నడవాలి. ఎక్కడ ఆగిందో, ఎవరు 'ఇక్కడ కాదు' అన్నారో రాసుకోవాలి. ఆ చోట్లను సరిచేసి మళ్ళీ నడవాలి. ఒక మండలంలో కుదిరాక మిగతా వాటికి విస్తరించాలి. ఈ నడకలో గుమాస్తా, వీఆర్వో, అర్జీదారు ముగ్గురూ ఉండాలి.