మెకింటైర్ సద్గుణ సిద్ధాంతం: ఒక విమర్శనాత్మక పరిశీలన

ప్రాచీన గ్రీకు తత్త్వం, మధ్యయుగ క్రైస్తవ తత్త్వం నేటి సమాజాన్ని అర్థం చేసుకోవడానికి ఎంతవరకు ఉపకరిస్తాయి? ఈ ప్రశ్నను స్కాట్లండ్‌లో జన్మించిన తత్త్వవేత్త అలస్డేర్ మెకింటైర్ (1929–2025) రచనల ద్వారా పరిశీలిద్దాం.

1981లో వెలువడిన 'ఆఫ్టర్ వర్చ్యూ' గ్రంథంలో ఆయన ఆధునిక నైతిక వివాదాలు ఎందుకు తెగడం లేదని ప్రశ్నించారు. ఒకరు హక్కుల పేరుతో, మరొకరు అధిక సంఖ్యాకుల ప్రయోజనం పేరుతో వాదిస్తారు. రెండింటినీ తూచే ఉమ్మడి కొలమానం లేదు. మానవ జీవితానికి ఒక పరమ లక్ష్యం ఉందన్న అరిస్టాటిల్ భావనను ఆధునికులు వదులుకుని, నైతిక నియమాలను మాత్రం నిలుపుకున్నారని, అందుకే వాటికి ఆధారం లేకుండా పోయిందని ఆయన వాదన.

ఆయన ఇచ్చిన చదరంగం ఉదాహరణను గమనించండి. మిఠాయి కోసమే ఆడే పిల్లవాడికి మోసం చేయకూడదనడానికి కారణం కనిపించదు. ఆటలోని నైపుణ్యాన్ని ప్రేమించడం మొదలుపెట్టాక మోసం చేస్తే, ఓడిపోయేది అతడే. మార్కుల కోసం చదవడానికి, విషయం తెలుసుకోవడానికి చదవడానికి మధ్య ఉన్న తేడా కూడా ఇలాంటిదే.

అయితే ఈ వాదంలో ఒక చిక్కు ఉంది. అరిస్టాటిల్ నగరంలో స్త్రీలకు, బానిసలకు పౌరసత్వపు పాలు లేదు. ఆ సంప్రదాయాన్ని తిరిగి ఆశ్రయిస్తే ఆ అన్యాయం కూడా వెంట రాదా? స్త్రీవాద రాజనీతి తత్త్వవేత్త సుసాన్ మోలర్ ఓకిన్ 1989లో మెకింటైర్‌పై చేసిన విమర్శ సారాంశం ఇదే.

1999 నాటి 'డిపెండెంట్ రేషనల్ యానిమల్స్' గ్రంథం ఇక్కడే ముఖ్యమవుతుంది. అరిస్టాటిల్ వర్ణించిన ఉదాత్తుడు ఇతరులకు సాయం చేస్తాడు కాని, సాయం పొందడానికి సిగ్గుపడతాడు. మెకింటైర్ ఈ ఆదర్శాన్ని తిరస్కరించారు. శైశవంలో, రోగంలో, వార్ధక్యంలో మనమందరం పరాధీనులమే. కనుక ఇవ్వడమే కాదు, కృతజ్ఞతతో స్వీకరించడం కూడా సద్గుణమే. ఇందుకు ఆయనకు ఆధారం దొరికింది థామస్ ఆక్వినాస్ (1225–1274) చర్చించిన కరుణ అనే గుణంలో. ఎదుటివాడి అవసరమే మన బాధ్యతకు కారణం. అతడు మన బంధువా, కాడా అన్నది తర్వాతి మాట.

నా దృష్టిలో మెకింటైర్ అసలు బలం 1981 నాటి రోగనిర్ధారణలో కంటే ఈ సవరణలో ఉంది. ప్రాచీనుల మాటను యథాతథంగా ఒప్పుకోకుండా, ఒక పూర్వికుడి లోపాన్ని మరొక పూర్వికుడి సాయంతో సరిదిద్దారు. ఐతే ఒక లోటు మిగిలింది. ఆధునిక రాజ్యంపై నమ్మకం లేక, ఆయన చిన్న స్థానిక సమాజాలపైనే ఆశ పెట్టుకున్నారు. వృద్ధాప్య పింఛను, ప్రభుత్వాసుపత్రి, వికలాంగుల హక్కుల చట్టం వంటివి రాజ్యం కల్పించేవే. బలహీనుణ్ణి అణిచివేసేది ఒక్కొక్కప్పుడు ఆ చిన్న సమాజమే. అప్పుడతడు ఎవరిని ఆశ్రయించాలి? ఈ ప్రశ్నకు ఆయన తగినంత సమాధానం చెప్పలేదు.

మెకింటైర్‌ను గురించి రాసేటప్పుడు మీరు 'ఆధునికతను వ్యతిరేకించిన సంప్రదాయవాది' అని ఒక్క మాటలో ముగించకండి. మీకు తెలిసిన ఒక వృద్ధుణ్ణో, రోగినో తలచుకోండి. వారి సంరక్షణలో కుటుంబం చేసేదెంత, ఇరుగుపొరుగు చేసేదెంత, ప్రభుత్వం చేసేదెంత అని విడివిడిగా రాసి చూడండి. ఆ తర్వాత ఆయన సిద్ధాంతం దేనిని వివరించగలిగిందో, దేనిని వివరించలేకపోయిందో మీరే నిర్ణయించండి.