టెస్ట్ ల్యాంపు పట్టిన చేయి

కారు రేడియేటర్ ఫ్యాన్ తిరగడం లేదంటే ఫ్యాన్ పోయిందని కాదు. ఈ సంగతి తెలిసినవాడు మేస్త్రి, తెలియనివాడు సామాన్లు మార్చేవాడు. బెజవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ పాత వర్క్‌షాపుల సందుల్లోనో చొక్కా జేబులో, కరెంటు అందితే వెలిగే టెస్ట్ ల్యాంపుతో కనిపించే పెద్ద వయసు ఆటో ఎలక్ట్రీషియన్‌ది మొదటి కోవ. ఆయన పాత మారుతి 800 ముందు వంగి తప్పు ఎక్కడుందో పట్టే తీరు చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

ఈ కరెంటు ఫ్యాన్ పూర్వకథ పెద్దగా లేదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మినీలలో ఫ్యాన్ బెల్టుతో తిరిగేది. ఇంజిన్ నడిచినంతసేపూ దానికీ పనే. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. ఇంజిన్‌ను అడ్డంగా పెట్టేసరికి బెల్టు ఫ్యాన్‌కు దారి లేకపోయింది. రేడియేటర్ వెనక కరెంటు మోటారు చేరింది. నీళ్లు వేడెక్కితేనే తిరుగుతుంది, చల్లబడితే ఆగుతుంది. ఈ కొత్త వైరింగును మనవాళ్లు ఏ పుస్తకంలోనూ చదవలేదంటారు. గురువు చెయ్యి చూసి శిష్యుడు నేర్చినదే.

మంచి మేస్త్రి బానెట్ ఎత్తే ముందే మొదటి పరీక్ష చేస్తాడు. "హీటు ఎప్పుడెక్కుతోంది సార్, ట్రాఫిక్‌లోనా, హైవేలోనా?" అని అడుగుతాడు. హైవేలో ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది కాబట్టి ఫ్యాన్ లేకపోయినా చాలావరకు గడిచిపోతుంది. సిగ్నళ్ల దగ్గరా, తిరుమల ఘాట్‌లో ఫస్ట్ గేరులో ఎక్కేటప్పుడూ మాత్రమే టెంపరేచర్ ముల్లు పైకి పోతోందంటే అనుమానం ఫ్యాన్ మీదే. హైవేలోనూ కాగుతుంటే రేడియేటర్ పూడుకుపోయిందేమో, థర్మోస్టాట్ వాల్వ్ బిగుసుకుందేమో, వాటర్ పంపు పోయిందేమో చూడాలి. ఒక్క ప్రశ్నతో సగం బండి పక్కకు తప్పుకుంటుంది!

తర్వాత నీళ్లు చూస్తాడు, అదీ ఇంజిన్ చల్లారాకే. వేడి మీద మూత తీస్తే ఒత్తిడి కింద వంద డిగ్రీలు దాటి ఉన్న నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. నీళ్లు తగ్గినా, లోపల గాలి చిక్కుకున్నా నీళ్ల వేడికి పనిచేసే ఫ్యాన్ స్విచ్‌కు వేడినీళ్లు తగలవు. ఇంజిన్ మరిగిపోతున్నా దానికి తెలియదు, ఫ్యాన్ లేవదు. నీళ్లు పోస్తే పోయే జబ్బుకు మోటారు మార్పించుకున్నవాళ్లు ఎందరో.

అప్పుడు ఫ్యాన్ స్విచ్ కప్లర్ ఊడదీసి, రెండు వైర్లనూ చిన్న వైరు ముక్కతో కలిపి కీ ఆన్ చేయిస్తాడు. ఫ్యాన్ గిర్రున తిరిగిందా, మోటారూ, దానికి కరెంటు వదిలే రిలే కూడా బాగున్నట్టే, తప్పు స్విచ్‌దో నీళ్లదో. తిరగలేదా, ఫ్యూజూ రిలేల వంతు. రెండు వైర్ల స్విచ్ ఉన్న పాత బండ్లకే ఈ కిటుకు. కంప్యూటర్ నడిపే బండ్లలో సెన్సార్ వైర్లతో ఇలా ఆడుకోకూడదు.

రిలే మీద వేలు ఆనించి కీ తిప్పిస్తే లోపలి టిక్కు వేలికి తెలుస్తుంది. అంతటితో రిలే బాగుందని వదిలేసేవాడు అరకొర పనివాడు. టిక్కుమన్నా లోపలి పాయింట్లు కాలిపోయి ఉండొచ్చు. అందుకే రిలే కింద ముద్రించిన 30, 85, 86, 87 అంకెలు చూసుకుని, 30లోకి వచ్చిన కరెంటు 87లోంచి బయటికి పోతోందా అని ల్యాంపు పెట్టి చూస్తాడు.

ఆటోనగర్‌లో ఒక పెద్దాయన పనితనం నా కళ్లారా చూశాను. ఒక పాత కారుకు మోటారు కప్లర్ ఊడదీసి చూస్తే ల్యాంపు ధగధగా వెలుగుతోంది. కప్లర్ పెడితే మోటారు కదలదు. పక్క షెడ్డు కుర్రాడు "మోటారు పోయిందన్నా" అని తేల్చేశాడు. పెద్దాయన నవ్వి ఊరుకున్నాడు. కప్లర్ పెట్టే ఉంచి, ల్యాంపు క్లిప్పును బ్యాటరీ ప్లస్‌కు తగిలించి, మొనను మోటారు ఎర్త్ వైరుకు ఆనించాడు. నిండుగా వెలగాల్సిన బల్బు మినుకుమంది. ఎర్త్ వైరు బాడీకి బిగించిన బోల్టు విప్పితే కింద పచ్చటి చిలుము, తుప్పు! ఉప్పుకాగితంతో గీకి, బిగించి, కాస్త గ్రీజు పూశాడు. ఫ్యాన్ తిరిగింది. బల్బుకు చాలిన కరెంటు మోటారుకు చాలదు. లోడ్ పడ్డప్పుడే వైరు బండారం బయటపడుతుంది. కొత్త మోటారు పెట్టి ఉంటే అదీ తిరిగేది కాదు.

అంతటితో వదల్లేదు. న్యూస్‌పేపర్ ముక్క చింపి రేడియేటర్ ముందు పట్టుకున్నాడు. కాగితం వెళ్లి రేడియేటర్‌కు అతుక్కుంది. గాలి లోపలికి లాగుతున్నట్టు రుజువు. మోటారు వైర్లు తారుమారైతే ఫ్యాన్ వెనక్కి తిరిగి, ఎదురుగాలితో పోట్లాడుతుంది. కంటికి తిరుగుతున్నట్టే ఉంటుంది, బండి మాత్రం కాగుతూనే ఉంటుంది.

ఇంతటి పనితనం ఉన్న ఊళ్లలో ఇప్పుడు ఎక్కడ చూసినా వినిపించే మాట: "డైరెక్ట్ కొట్టేశాం సార్!" స్విచ్ లేదు, రిలే లేదు, కొన్నిచోట్ల ఫ్యూజు కూడా లేదు. ఇగ్నిషన్ లైను నుంచి ఒక వైరు లాగి ఫ్యాన్‌కు కట్టేయడం, పైగా థర్మోస్టాట్ వాల్వ్ పీకి పారేయడం. ఇంజిన్ వేడెక్కాల్సినంత వేడెక్కదు, పెట్రోలు తాగుతుంది, లోపల అరుగుతుంది. ఇంకొందరు డ్యాష్‌బోర్డు కింద స్విచ్ పెట్టి వేసుకోమంటారు. ఒక్కరోజు మరిచిపోతే హెడ్ గ్యాస్కెట్ గోవిందా. ఎగిరిపోయిన ఫ్యూజుకు సిగరెట్ పెట్టె వెండికాగితం చుట్టే మహానుభావులూ ఉన్నారు. అది రిపేరు కాదు, బండికి నిప్పంటించే ఏర్పాటు!

ఇక అసలు పెట్టెను పోలిన పెట్టెలో వచ్చే డూప్లికేటు మోటార్లు. రెక్కలు సమంగా ఉండవు, బుష్‌లు కొన్నాళ్లకే అరుస్తాయి. పాత మోటారుకు బ్రష్షులు మార్చి, ఆర్మేచర్‌ను ఉప్పుకాగితంతో శుభ్రం చేసి ఏళ్ల తరబడి నడిపించిన చేతులు ఇంకా ఉండగా ఈ చెత్త కొనడమేమిటి? తప్పు వెతకడానికి స్కానర్ చాలంటారు కుర్రాళ్లు. స్కానర్ కోడ్ చూపిస్తుంది, బోల్టు కింద తుప్పు చూపించదు. పాత 800కు అసలు స్కానర్ పెట్టే చోటే లేదు. నేను టెస్ట్ ల్యాంపు పక్షమే, దాచుకోను.

తప్పు మనదీ ఉంది. మోటారు మార్చి వేలు అడిగితే మాట్లాడకుండా ఇస్తాం. తప్పు పట్టుకుని బోల్టు గీకినవాడు అయిదొందలడిగితే "గీకినందుకా?" అని బేరమాడతాం. అలా బేరమాడిన ప్రతిసారీ శిష్యుడు చూస్తున్నాడు, వెతకడం కంటే మార్చడమే లాభమని నేర్చుకుంటున్నాడు. ఈసారి ఎవరైనా "డైరెక్ట్" అంటే కీ వెనక్కి తీసుకోండి. మార్చిన సామాను చూపించమనండి, తప్పు ఎక్కడుందో అడగండి. మేస్త్రి ఏ సామానూ మార్చకుండా బండి బాగుచేసి ఇస్తే ఆయనకు ఆ రోజు కూలి ఎక్కువే ఇవ్వండి.