పాటకన్నా ముందే షాటా?

బండి యాదగిరి పాటకు వీడియో తీయబూనిన కొందరు విద్యార్థుల ప్రణాళిక చూశాను. నలభై షాట్లున్నాయి. గడీ లేదు. 1946-51 తెలంగాణ సాయుధ పోరాటం నాటి ఆ పాట నైజాం సర్కారును నిలదీస్తుంది. ఈ ప్రణాళికలో సూర్యాస్తమయం, దుమ్ములో ఎడ్లబండి! వస్తువు జారిపోయి శిల్పమొక్కటే మిగిలింది.

1980లో విడుదలైన ‘మా భూమి’లో గౌతమ్ ఘోష్ ఈ పాటను గద్దర్ చేత పాడించాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర, అడుగు. అంతే. (ఖర్చూ తక్కువే.) అలాగని పరిశోధనంటే ఆ దృశ్యాన్ని అనుకరించడం కాదు. వెట్టిచాకిరి చేసినవారి మనవలు ఆ పల్లెల్లో ఉన్నారు. పాట ఎక్కడ, ఎవరి మధ్య పాడేవారో వాళ్లనడగాలి. కెమెరా నిలిపే చోటు అప్పుడుగాని తేలదు.

ప్రణాళికలో షూటింగుకు ఆరు రోజులు, పరిశోధనకు ఒక్క పూట. ఆ లెక్క తిరగరాయమన్నాను.