48 అంకెలు, ఒక కాగితం

హైదరాబాద్‌లో ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్లు ముందుగా పరుగెత్తేది సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో, ఇంటి దగ్గరి రిపేరు షాపుకో. అక్కడ పగిలిన డిస్‌ప్లే మారుస్తారు, నీళ్లు పడ్డ కీబోర్డు మారుస్తారు, చచ్చిపోయిందనుకున్న హార్డ్‌డిస్క్‌లోంచి కూడా ఒక్కోసారి పెళ్లి ఫొటోలు బయటికి తీస్తారు. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే మాత్రం ఒకటే మాట: ఫార్మాట్ కొట్టాలి, డేటా రాదు. వినేవాళ్లకు అది చేతకానితనంలా అనిపిస్తుంది. ఇంకో షాపుకు వెళ్తారు, అక్కడా అదే జవాబు. కోపం చివరికి ఎన్‌క్రిప్షన్ మీదికి మళ్లుతుంది. నా దృష్టిలో ఆ కోపం గురి తప్పింది. తాళం తన పని తాను చేసింది. తప్పంతా తాళంచెవిని మనిషి జ్ఞాపకానికి వదిలేయమన్న సలహాది. ‘పాస్‌వర్డ్ ఎక్కడా రాయొద్దు’ అని ఇరవై ఏళ్లకు పైగా మనకు నూరిపోసిన మాట, డిస్క్ ఎన్‌క్రిప్షన్ విషయంలో హాని చేస్తోంది.

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది. మనం కొట్టే పాస్‌వర్డ్‌తో డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేయరు. యంత్రమే ఒక పెద్ద యాదృచ్ఛిక సంఖ్యను పుట్టించి, దానితో ప్రతి ఫైలునూ గిలక్కొడుతుంది. అసలు తాళంచెవి ఆ సంఖ్యే. మన పాస్‌వర్డ్ ఆ సంఖ్యను దాచిన పెట్టెను మాత్రమే తెరుస్తుంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2001లో ఆమోదించిన ఏఈఎస్ పద్ధతిలో అతి చిన్న తాళంచెవి 128 బిట్లది. సెకనుకు కోటి కోట్ల సంఖ్యలను పరీక్షించే యంత్రాన్ని కూర్చోబెట్టినా, అన్నిటినీ చూసేసరికి విశ్వం వయసుకు లక్షల రెట్లు కాలం గడిచిపోతుంది. బీరువా తాళం పోతే తాళాలు చేసేవాణ్ని పిలిచి మారు చెవి చేయించుకోగలం. ఇక్కడ అలాంటివాడు ఉండడు, ఉండకూడదు కూడా. అయితే ఈ ఏర్పాటులో ఒక మేలుంది. ఒకే పెట్టెను తెరవడానికి రెండు, మూడు మార్గాలు పెట్టుకోవచ్చు. విండోస్‌లో బిట్‌లాకర్ ఇచ్చే 48 అంకెల రికవరీ కీ అలాంటి రెండో మార్గం. లినక్స్‌లోని లక్స్ పద్ధతి మొదటి రూపంలోనే ఎనిమిది పాస్‌వర్డ్‌లకు చోటుంది. మనిషి మరిచిపోతాడని ఈ తాళాలు చేసినవాళ్లకు ముందే తెలుసు. అందుకు విరుగుడూ వాళ్లే ఇచ్చారు. దాన్ని మనం వాడుకోవడం లేదు.

ఇంత తిప్పలెందుకు, ఎన్‌క్రిప్షన్ తీసేస్తే పోదా అంటారు. ఎర్రగడ్డలో ఉన్నవాళ్లు ఆ మాట అనే ముందు తమ వీధిలో జరిగే ఆదివారం సంతను తలచుకోవాలి. పాత ఫోన్లు, విప్పిన కంప్యూటర్ భాగాలు, ఎవరి చేతిలోంచి వచ్చాయో తెలియని సామాన్లు అక్కడ నేలమీద పరిచి అమ్ముతారు. ఎన్‌క్రిప్ట్ చేయని డిస్క్‌ను ఊడదీసి ఇంకో యంత్రానికి తగిలిస్తే, విండోస్ లాగిన్ పాస్‌వర్డ్ ఎంత కఠినంగా ఉన్నా ఫైళ్లన్నీ కనిపిస్తాయి. ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆడపిల్లల ఫొటోలు అన్నీ. మెట్రోలో మరిచిపోయిన బ్యాగు ఎవరికి దొరుకుతుందో చెప్పలేం. సినిమావాళ్లుండే ఫిల్మ్‌నగర్‌కైతే ఈ సంగతి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ విడుదలకు ముందే బయటికి పొక్కింది. నిర్మాతలు హడావుడిగా 27నే థియేటర్లలోకి తేవాల్సి వచ్చింది. 2025 మేలో ‘కన్నప్ప’ గ్రాఫిక్స్ దృశ్యాలున్న హార్డ్‌డ్రైవ్ ముంబై నుంచి కొరియర్‌లో వచ్చి మాయమైందని పోలీసు కేసు నమోదైతే, డ్రైవ్‌కు పాస్‌వర్డ్ రక్షణ ఉందని చిత్రబృందం చెప్పుకోగలిగింది. సినిమా జూన్ 27న విడుదలైంది. వస్తువు పోయినా లోపలి సరుకు పోలేదని ధీమాగా ఉండే వీలు ఎన్‌క్రిప్షన్ వల్లే వస్తుంది.

సినిమావాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకొకటుంది, నాకు అదే ముఖ్యం. డిజిటల్ థియేటర్‌కు వెళ్లే సినిమా ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తుంది. దాన్ని తెరిచే కేడీఎం అనే ఫైలు వేరే దారిలో, ఆ ఒక్క థియేటర్ సర్వర్‌కే, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పనిచేసేలా వెళ్తుంది. ‘కేడీఎం రాలేదు, షో ఆగింది’ అన్న మాట ఎగ్జిబిటర్లకు కొత్త కాదు. కానీ ఆ తాళంచెవిని ఏ ఆపరేటరూ జ్ఞాపకం పెట్టుకోడు. అసలు చెవి సినిమాను తయారుచేసిన ల్యాబ్ దగ్గర భద్రంగా ఉంటుంది. సర్వర్ మారితే కొత్త కేడీఎం పంపుతారు. ప్రతి శుక్రవారం కోట్ల రూపాయలను ఎన్‌క్రిప్షన్ మీద పెట్టే పరిశ్రమ, తన తాళంచెవిని ఒక్క మనిషి తలలోనూ ఉంచలేదు. అదే పరిశ్రమలో అద్దె గదిలో కూర్చుని మూడేళ్లుగా కథ రాసుకుంటున్న అసిస్టెంట్ డైరెక్టర్ ల్యాప్‌టాప్‌కు మాత్రం ఆ ఏర్పాటు ఉండదు. అతనికి ఉన్న ఆస్తల్లా ఆ కథే.

మరి మనలాంటివాళ్లు రికవరీ కీని కాగితం మీద రాసుకుంటే అది దొంగకు దొరకదా? ఇది గట్టి అభ్యంతరమే. అయితే ఏ దొంగ అన్నది చూడాలి. ఇంటర్నెట్‌లోంచి పాస్‌వర్డ్ కాజేసేవాడు మన బీరువా తెరవలేడు. మెట్రోలో బ్యాగు కొట్టేసేవాడి చేతికి ల్యాప్‌టాప్ వస్తుంది, ఇంట్లోని కాగితం రాదు. రెండూ ఒకే సంచిలో పెట్టకపోవడమే మనం పాటించాల్సిన నియమం. భద్రతా నిపుణుడు బ్రూస్ ష్నయర్ 2005లోనే పాస్‌వర్డ్‌లు రాసిపెట్టుకోమన్నాడు. తరచూ మార్చాలన్న పాత నియమాన్ని నిస్ట్ 2017లో తానే వదులుకుంది. మూడు నెలలకోసారి బలవంతాన మార్పించే ఆఫీసులు మరపును తామే పుట్టిస్తున్నాయి. ఇంట్లోవాళ్లే ప్రమాదమైన చోట మాత్రం ఈ లెక్క మారుతుంది. భర్త నిఘాలో బతుకుతున్న స్త్రీ బీరువాలో కాగితం పెట్టుకోలేదు. ఆమె దాన్ని నమ్మకమైన స్నేహితురాలి దగ్గరో, లాయరు దగ్గరో ఉంచాలి. ఆ కాగితం మీద అంకెలు తప్ప ఇంకేమీ రాయనక్కర్లేదు.

అయితే ప్రభుత్వమో కంపెనీయో ఒక మారు చెవి ఉంచుకుంటే అందరికీ సుఖం కదా అనేవాళ్లూ ఉన్నారు. అమెరికా ప్రభుత్వం 1993లో క్లిప్పర్ చిప్ పేరుతో ఇదే ప్రతిపాదించింది. మరుసటి ఏడాదే మ్యాట్ బ్లేజ్ అనే పరిశోధకుడు అందులో లోపం చూపించాడు. కొన్నేళ్లకే ఆ పథకం అటకెక్కింది. కోట్లమంది చెవులు ఒకే చోట పోగుపడితే దొంగలందరి కన్నూ ఆ చోటి మీదే పడుతుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాలో రికవరీ కీ దాచుకోవడం ఏమీ లేనిదానికన్నా మేలే. కానీ అదొక్కటే చాలదు. ఆ ఖాతా షాపులో కుర్రాడు తెరిచిచ్చిన మెయిల్‌ది అయితే? 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లోని లోపంతో దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు ఆగిపోయినప్పుడు చాలా సంస్థలు రికవరీ కీల కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. కొన్నిచోట్ల ఆ కీలున్న సర్వర్లే పడిపోయాయి. చివరికి అక్కరకొచ్చింది కాగితమే: అదే రోజు శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికుల చేతికి పెన్నుతో రాసిన బోర్డింగ్ పాసులు వచ్చాయి.

ఇక్కడ తొందరపడాల్సిన కారణం ఒకటుంది. విండోస్ 11 కొత్త రూపాల్లో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టిన చాలా ల్యాప్‌టాప్‌లలో, డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే మొదలవుతుంది. యజమానికి ఆ సంగతే తెలియదు. మదర్‌బోర్డు మార్చినరోజో, బయోస్ అప్‌డేట్ అయిన మర్నాడో నీలితెర మీద 48 అంకెలు అడిగితే అప్పుడు తెలుస్తుంది. కాబట్టి ఈ ఆదివారం ఒక పని చేయండి. సెట్టింగ్స్‌లో ఎన్‌క్రిప్షన్ ఉందో లేదో చూడండి. ఉంటే రికవరీ కీ తెరిచి, ప్రింటు తీసి లేదా చేత్తో రాసి, అంకెలు రెండుసార్లు సరిచూసుకుని, ఇంటి పత్రాల ఫైల్లో పెట్టండి. ముఖ్యమైన ఫైళ్లను ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చేయండి, ఎందుకంటే డిస్కే కాలిపోతే ఏ కీ అక్కరకు రాదు. ఆ కాగితం ఎక్కడుందో మీరు నమ్మే ఒక్క మనిషికి చెప్పండి.